మష్వరా వేరు, ఇత్తిలా వేరు

మన ఇళ్లలో ఆడపిల్లకు రిష్తా వచ్చినప్పుడు రెండు తరీఖాలు చూస్తుంటాం. కొందరి ఇళ్లలో పెద్దలంతా కూర్చుంటారు, మామూని పిలుస్తారు, ఫుప్పూని అడుగుతారు, అన్నిటికన్నా ముందు అమ్మాయి రజామందీ తీసుకుంటారు, ఆ తర్వాతే హా అంటారు. మరికొందరి ఇళ్లలో లేన్‌దేన్ మాట్లాడేసి, తారీఖు ఖాయం చేసేసి, షాదీఖానాకు అడ్వాన్సు కట్టేసి, రుఖాలు అచ్చయ్యాక ఫుప్పూ ఇంటికి వెళ్లి "మీరేమంటారు ఆపా?" అని అడుగుతారు. ఫుప్పూ మొహం ముడుచుకుంటుంది. ముడుచుకోదా మరి! ఆమెను మష్వరా అడగలేదు, ఇత్తిలా ఇచ్చారు.

రాయలసీమలో ఎండను, గాలిని కరెంటుగా మార్చే పెద్ద పెద్ద ప్రాజెక్టులు వస్తున్నాయి కదా, వాటి విషయంలో మన ఊళ్లకు జరుగుతున్నది కూడా ఇదే. జమీన్ ఖాయమైపోతుంది, కంపెనీ ఖాయమైపోతుంది, లైను ఎటు పోవాలో ఖాయమైపోతుంది. ఆ తర్వాత ఊళ్లో షామియానా వేసి మీటింగ్ పెడతారు. కొన్నిచోట్ల ఆ మీటింగ్ కూడా ఉండదు.

ముందే ఒక మాట సాఫ్‌గా చెప్పేస్తాను. నేను సోలార్‌కు, గాలి మరలకు దుష్మన్‌ను కాను. బొగ్గు కాల్చి కరెంటు తీస్తే ఆ పొగ, ఆ బూడిద ఎవరి ఛాతీలోకి పోతుందో మనకు తెలుసు. ఏటికేడు పెరుగుతున్న ఎండలకు ముందుగా పడిపోయేది రోడ్డు మీద తోపుడు బండి పెట్టుకున్న భాయి, రేకుల ఇంట్లో కుట్టుమిషన్ తొక్కే బహెన్. కాబట్టి ఎండ నుంచి కరెంటు తీయడం మంచి పనే. కానీ మంచి పని అన్నంత మాత్రాన అడగకుండా చేయొచ్చా? నా సవాల్ ఇదొక్కటే.

ముందు ఈ ప్రాజెక్టులు ఎంత పెద్దవో చూద్దాం. కర్నూలు దగ్గర ఓర్వకల్లు, గడివేముల మండలాల్లో శకునాల, గని ఊళ్ల వైపు 1,000 మెగావాట్ల సోలార్ పార్క్ ఉంది. 2017లో అది పూర్తయ్యేనాటికి ఒకే చోట ఉన్న అతి పెద్ద సోలార్ పార్కుల్లో ఒకటిగా దాన్ని దునియా అంతా చెప్పుకుంది. దాదాపు 6 వేల ఎకరాలు. కదిరి దగ్గర నంబులపూలకుంటలో, మనమంతా ఎన్.పి. కుంట అంటాం, 1,500 మెగావాట్ల లక్ష్యంతో మొదలైన పార్కుకు దాదాపు 8 వేల ఎకరాలు. సరిహద్దు దాటితే కర్ణాటకలో పావగడ ఉంది. పేరుకు కర్ణాటక అయినా మూడు వైపులా మన రాష్ట్రమే, బజారులో వినిపించే జబాన్ ఎక్కువగా తెలుగే. అక్కడ 2,050 మెగావాట్లు, దాదాపు 13 వేల ఎకరాలు. అంటే మెగావాట్‌కు సుమారు ఆరెకరాలని లెక్క వేసుకోవచ్చు. ఇక 2024 అక్టోబరులో వచ్చిన ఆంధ్రప్రదేశ్ క్లీన్ ఎనర్జీ పాలసీ లక్ష్యం 160 గిగావాట్లకు పైమాటే. అంటే 1,60,000 మెగావాట్లు. అదంతా సోలార్ కాదు, గాలి ఉంది, నీళ్లను పైకి తోడి కిందికి వదిలే పంప్డ్ స్టోరేజ్ ఉంది. అయినా ఎంత జమీన్ కావాలో మీరే అందాజా వేసుకోండి.

ఇంత పెద్ద పని మొదలుపెట్టే ముందు చట్టం ఎవరిని అడగమంటోంది?

పర్యావరణ ప్రభావ అంచనాకు మన దేశంలో 2006 సెప్టెంబరు 14న వచ్చిన నోటిఫికేషన్ ఉంది. బొగ్గు ప్లాంటు, సిమెంటు ఫ్యాక్టరీ, గని, పెద్ద డ్యామ్ లాంటివి దాని కిందికి వస్తాయి. వాటికి చాలావరకు ప్రజాభిప్రాయ సేకరణ జరపాలి. అది జరపాల్సింది కంపెనీ కాదు, రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి. అధ్యక్ష కుర్సీలో కలెక్టర్ గానీ, అదనపు కలెక్టర్ హోదాకు తగ్గని అధికారి గానీ కూర్చోవాలి. కనీసం 30 రోజుల ముందు అఖ్బార్లలో ప్రకటన ఇవ్వాలి, అందులో ఒకటి స్థానిక భాష పత్రిక అయి ఉండాలి. రిపోర్టు సారాంశం స్థానిక భాషలో దొరకాలి. మొత్తం వీడియో తీయాలి. చివర్లో ఎవరేం మాట్లాడారో అందరికీ చదివి వినిపించాలి. ప్రతి ఎతరాజ్ రాతలోకి ఎక్కాలి, దానికి కంపెనీ జవాబు పక్కనే ఉండాలి.

కాగితం మీద ఇది మంచి పద్ధతే. మరి సోలార్ పార్కుకు? గాలి మరలకు? ఆ జాబితాలో వాటి పేరే లేదు. సోలార్ ప్లాంట్లకు, సోలార్ పార్కులకు ఆ నోటిఫికేషన్ వర్తించదని పర్యావరణ మంత్రిత్వ శాఖ 2017లో మెమో ఇచ్చి మరీ చెప్పింది. అంతకు ముందు 2016లో కేంద్రం పరిశ్రమలకు రంగులు కేటాయించింది. బాగా కాలుష్యం చేసేవి రెడ్, ఆ తర్వాత ఆరెంజ్, గ్రీన్. అసలు కాలుష్యమే లేనివి వైట్. సోలార్, గాలి కరెంటు ఈ వైట్‌లోకి వచ్చాయి. సఫేద్. మరక లేదు కాబట్టి పూఛ్‌తాఛ్ అక్కర్లేదని భావం.

నాకు ఎతరాజ్ ఉన్నది ఇక్కడే. పొగ విషయంలో అది సఫేదే, నేనూ ఒప్పుకుంటాను. కానీ 13 వేల ఎకరాల చుట్టూ కంచె వేస్తే జరిగే నుక్సాన్‌ను పొగ గొట్టం దగ్గర నిలబడి కొలవలేం కదా. వాగు దారి మారుతుంది. మేకలు, గొర్రెలు నడిచే బాట మూసుకుపోతుంది. ప్యానెళ్లు కడగడానికి ఎక్కడి నుంచో నీళ్లు రావాలి, అదీ వర్షం మొహం వాచిపోయే ఇలాఖాలో. పాతికేళ్ల తర్వాత ఆ అద్దాల కుప్పను ఎవరు ఎత్తాలి, ఎక్కడ వేయాలి అనేది ఇంకో మస్లా. ఇవేవీ రంగుల జాబితాలో కనిపించవు. ఇవి కనిపించేది ఆ ఊళ్లో బతికేవాళ్ల కళ్లకే. అందుకే వాళ్లను అడగాలంటున్నాను.

ఒక మిసాల్ చెబుతాను. పాత అనంతపురం జిల్లాలో కల్పవల్లి అని ఒక కొండ ప్రాంతం ఉంది. 1990ల మొదట్లో అది బోడి కొండ. చుట్టుపక్కల ఊళ్ల జనం టింబక్టు కలెక్టివ్ తోడుతో దాదాపు 7 వేల ఎకరాలను ఏళ్ల తరబడి కాపలా కాసి పచ్చగా చేశారు. గడ్డి వచ్చింది, ఈత చెట్లు వచ్చాయి, చెరువుల్లోకి నీళ్లు వచ్చాయి, గొర్రెల కాపర్లకు రిజ్క్ దొరికింది. కానీ రెవెన్యూ రికార్డులో అది బంజరు. ఉర్దూలో బంజర్ అన్నా తెలుగులో బంజరు అన్నా అర్థం ఒకటే, ఎందుకూ పనికిరాని నేల అని. రికార్డు అలా ఉంది కాబట్టి గాలి మరల కంపెనీకి ఇవ్వడానికి ఎవరికీ అడ్డు కనపడలేదు. ఒక్కో మరను కొండ ఎక్కించాలంటే పెద్ద పెద్ద ట్రక్కులు పోయే రోడ్డు కావాలి. కొండల వీపు మీద రోడ్లు తవ్వారు. మట్టి జారింది, గడ్డి పోయింది, నీళ్లు దిగే దారులు చెదిరాయి. 2013లో గ్రామాల తరఫువాళ్లు గ్రీన్ ట్రిబ్యునల్‌కు వెళ్లాల్సి వచ్చింది. గాలి మరలకూ పర్యావరణ పరిశీలన ఉండాలన్నది వాళ్ల ముతాలబా. రోడ్డు తవ్వకముందే ఊళ్లో కూర్చుని "ఈ కొండ మీద ఏముంది?" అని అడిగి ఉంటే, ఇరవై ఏళ్ల మెహనత్ ఏమిటో ఒక్క పూటలో తెలిసేది. మరలను ఏ గట్టు మీద పెడితే తక్కువ నుక్సానో కూడా ఆ కాపర్లే చూపించేవారు.

"మన ముస్లింలకు దీంతో ఏం వాస్తా?" అని మీలో కొందరికి అనిపించొచ్చు. చాలా వాస్తా ఉంది.

రాయలసీమ పల్లెల్లో మనవాళ్లలో ఎంతమందికి సొంత పట్టా ఉంది? మీ బంధువుల్లోనే లెక్క పెట్టి చూడండి. దూదేకుల కుటుంబాలు, కసాయి పని చేసేవాళ్లు, కౌలుకు చేసుకునేవాళ్లు, రోజు కూలీకి పోయేవాళ్లు, నాలుగు మేకలు పెంచుకుని బక్రీద్ ముందు అమ్మి ఏడాది అప్పు తీర్చుకునేవాళ్లు. వీళ్ల జిందగీ అంతా జమీన్ మీదే ఆధారపడి ఉంటుంది, కానీ జమీన్ కాగజ్ మీద వీళ్ల పేరు ఉండదు. సోలార్ కంపెనీ మాట్లాడేది కాగజ్ మీద పేరు ఉన్నవాడితో.

పావగడ తీసుకోండి. అక్కడ భూమిని కొనలేదు, లీజుకు తీసుకున్నారు. మొదట ఎకరాకు ఏడాదికి 21 వేల రూపాయలు, రెండేళ్లకోసారి 5 శాతం పెంపు, 28 ఏళ్ల కరారు. వరస కరువులు చూసిన నేల అది. పట్టా ఉన్న రైతుకు ఇది ఫాయిదానే, చాలామంది సంతోషంగా సంతకం పెట్టారు. వాళ్లను నేను తప్పు పట్టను. మరి ఆ పొలాల్లో వేరుశెనగ పీకడానికి, కలుపు తీయడానికి వెళ్లే ఆడవాళ్ల సంగతి? పొలం లేకపోతే కూలీ లేదు. ప్యానెళ్లు తుడిచే పని, గడ్డి కోసే పని, సెక్యూరిటీ పని కొందరికే దొరుకుతుంది. కిరాయి డబ్బు పట్టాదారు బ్యాంకు ఖాతాలో పడుతుంది, కూలీ ఇంట్లో మాత్రం పొయ్యి ఆరిపోతుంది. ఊరు ఒకటే, ఇద్దరి హాలత్ వేరు.

ఇందులో ఒక చేదు విషయం ఉంది. మన దేశంలో కూలీని, కౌలుదారును లెక్కలోకి తీసుకునే చట్టం లేకపోలేదు. 2013 భూసేకరణ చట్టంలో "ప్రభావిత కుటుంబం" అంటే పట్టాదారు ఒక్కడే కాదు. అక్కడ మూడేళ్లుగా పని చేస్తూ, ఆ భూమే ముఖ్యమైన జీవనాధారంగా బతుకుతున్న వ్యవసాయ కూలీ, కౌలుదారు, చేతివృత్తివాళ్లు కూడా అందులోకి వస్తారు. సామాజిక ప్రభావ అధ్యయనం చేయాలి, బహిరంగ విచారణ పెట్టాలి అని కూడా ఆ చట్టంలో ఉంది. కానీ అది వర్తించేది ప్రభుత్వం భూమిని సేకరించినప్పుడు. కంపెనీ నేరుగా లీజుకు తీసుకుంటే అది సేకరణ కాదు. ప్రభుత్వ భూమినే పార్కుకు అప్పగిస్తే అదీ సేకరణ కాదు. పైగా 2018లో మన రాష్ట్రం చేసిన సవరణతో కొన్ని రకాల ప్రాజెక్టులను ఆ అధ్యయనం నుంచి మినహాయించే దారి తెరుచుకుంది. ఒక దర్వాజా పర్యావరణ చట్టం వైపు నుంచి మూసి ఉంది, ఇంకో దర్వాజా భూమి చట్టం వైపు నుంచి మూసి ఉంది. గరీబ్ ఎక్కడి నుంచి లోపలికి వచ్చి తన మాట చెప్పుకోవాలి?

కదిరి వైపు మా ఖాలా వాళ్ల ఊళ్లో జరిగింది చెబుతాను. ఊరి పేరు, కంపెనీ పేరు రాయను. ఒకరోజు మీటింగ్ అన్నారు. షామియానా, కుర్చీలు, మధ్యాహ్నం బిర్యానీ పొట్లాలు. ముందు వరసలో పట్టాదారులు. ఆడవాళ్లు దూరంగా వేపచెట్టు కింద. కంపెనీ మనిషి స్క్రీన్ మీద నీలం ప్యానెళ్ల తస్వీర్లు చూపించాడు. "అందరికీ సమ్మతమేనా?" అంటే కొన్ని చేతులు లేచాయి. అప్పుడు వెనక నుంచి మేకలు కాసే ఒక చాచా లేచి, "అయ్యా, మా మేకలు రోజూ ఆ గుట్ట వెనక వంక దాకా పోయి నీళ్లు తాగి వస్తాయి. కంచె వేస్తే ఎటు పోవాలి?" అని అడిగాడు. అక్కడున్న అధికారి కోపంగా కూడా మాట్లాడలేదు, మామూలుగానే అడిగాడు, "మీ సర్వే నంబరు ఎంత?" అని. చాచాకు సర్వే నంబరు లేదు. ఆయన కూర్చున్నాడు. మీటింగ్ అయిపోయింది. ఆయన సవాల్ ఏ కాగజ్ మీదా ఎక్కలేదు.

ఆయన అడిగినది చిన్న విషయం. కంచెలో వంద అడుగుల దారి వదిలితే సరిపోయేది. ప్రాజెక్టు ఆగిపోయేది కాదు, ఒక్క ప్యానెల్ వరస పక్కకు జరిగేది. ఆ మీటింగ్ నిజంగా మష్వరా అయ్యుంటే ఆ దారి ఆరోజే నక్షాలోకి వచ్చేది.

మనకు ఇంకో ప్రత్యేకమైన ఫికర్ కూడా ఉంది. మన ఖబ్రస్తాన్లు, ఈద్గాహ్‌లు, ఊరి బయటి దర్గాలు. వీటిలో చాలావరకు ఊరికి దూరంగా, గుట్టల పక్కన, బీడు నేల అంచున ఉంటాయి. తరాలుగా మయ్యత్‌లు పూడ్చుతున్న చోటు కూడా రికార్డులో ప్రభుత్వ బంజరుగా పడి ఉండొచ్చు. కొన్ని ఈనాం భూములు వక్ఫ్ రిజిస్టరులో ఒకలా, రెవెన్యూ రికార్డులో ఇంకోలా ఉంటాయి. పార్కు సర్వే జరిగే రోజు ఊరి పెద్దలు పక్కన నిలబడి చూపించకపోతే, సర్వేయర్‌కు అక్కడ కనపడేది కొన్ని రాళ్లు, కొన్ని తుమ్మ చెట్లు. ఇది మన ఒక్కరి మస్లా కాదు. దళితుల శ్మశానాలది, గ్రామదేవత గుళ్లదీ ఇదే హాలత్. ఊరంతా కలిసి కూర్చుని చెప్పాల్సిన విషయం ఇది.

ఇక జబాన్ సంగతి. 2020లో కేంద్రం పర్యావరణ నోటిఫికేషన్‌ను మార్చడానికి ముసాయిదా తెచ్చింది. బహిరంగ విచారణకు ముందిచ్చే 30 రోజుల గడువును 20కి తగ్గించాలన్నది అందులో ఒక మార్పు. దాని మీద దేశ ప్రజల అభిప్రాయం అడిగారు. అడిగింది ఇంగ్లిషులో, హిందీలో. మన ఊరి రైతు ఏ భాషలో జవాబివ్వాలి? ఢిల్లీ హైకోర్టు 2020 జూన్ 30న, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని భాషలన్నిటిలోకీ దాన్ని తర్జుమా చేయించమని, గడువు కూడా పెంచమని చెప్పాల్సి వచ్చింది. ఆ షెడ్యూలులో తెలుగు ఉంది, ఉర్దూ ఉంది. కోర్టు చెప్పేదాకా ఇది ఎవరికీ తోచకపోవడమే ఆశ్చర్యం. లక్షల మంది రాశారు, ఆ ముసాయిదా చట్టంగా మారలేదు. అడిగితే జనం జవాబిస్తారనడానికి ఇంతకన్నా సుబూత్ ఏం కావాలి? మన రాష్ట్రంలో ఉర్దూ 2022 నుంచి రెండో అధికార భాష. కదిరిలోనో కర్నూలులోనో జరిగే విచారణ నోటీసు తెలుగుతో పాటు ఉర్దూలోనూ అడగడం మన హఖ్. ఎవరి దయా కాదు.

ఇప్పుడు అవతలి వైపు మాట కూడా వినాలి, ఎందుకంటే అందులో వజన్ ఉంది. "భూగోళం వేడెక్కుతోంది, టైం లేదు. 2030 నాటికి దేశం 500 గిగావాట్ల శిలాజేతర కరెంటు సామర్థ్యం చేరుకోవాలి. ప్రతి సోలార్ పార్కుకూ విచారణ పెడితే బొగ్గే కొనసాగుతుంది. విచారణల పేరుతో దలాళ్లు బ్లాక్‌మెయిల్ చేస్తారు." ఇలా అనేవాళ్లు అందరూ కంపెనీల మనుషులు కారు. నిజాయితీగా ఫికర్ పడేవాళ్లూ ఉన్నారు.

వాళ్లకు నా జవాబ్ ఇది. 2006 నోటిఫికేషన్ ప్రకారం కంపెనీ కోరిన 45 రోజుల్లో కాలుష్య మండలి విచారణ పూర్తి చేయాలి. నెలన్నర. 28 ఏళ్ల కరారుకు నెలన్నర ఎక్కువా? అడగకపోతే పట్టే సమయం ఎంతో కూడా చూడండి. బట్టమేక పక్షి సంగతి మీకు గుర్తుండాలి, మన రోళ్లపాడు అభయారణ్యం దాని పేరు మీదే వెలసింది. రాజస్థాన్, గుజరాత్‌లలో సోలార్, గాలి ప్రాజెక్టుల కరెంటు తీగలకు తగిలి ఆ పక్షులు చనిపోతున్నాయని 2019లో సుప్రీంకోర్టులో కేసు పడింది. 2021 ఏప్రిల్‌లో తీగలను భూమిలోంచి వేయమని ఆదేశం వచ్చింది. అది అంత ఇలాఖాలో అమలు కాదని ప్రభుత్వం మొర పెట్టుకుంది. 2024 మార్చిలో కోర్టు ఆ ఆదేశాన్ని సవరించి నిపుణుల కమిటీ వేసింది. అదే తీర్పులో, వాతావరణ మార్పు దుష్ప్రభావాల నుంచి రక్షణ పొందడం పౌరుల హఖ్ అని కూడా చెప్పింది. మంచి మాటే. కానీ అయిదేళ్లు పట్టింది. తీగ ఏ దారిన వేయాలన్నది స్తంభాలు పాతకముందు మాట్లాడుకోవాల్సిన సంగతి. పాతాక మాట్లాడితే కోర్టు ఖర్చు, ఆలస్యం, అందరికీ పరేషానీ.

బొగ్గు ప్లాంటు విషయంలో మనం నేర్చుకున్న సబక్ కూడా ఉంది. శ్రీకాకుళం జిల్లా సోంపేటలో బీల భూముల్లో థర్మల్ ప్లాంటు వద్దని జనం ఎంత మొత్తుకున్నా వినలేదు. 2010 జులై 14న పోలీసు కాల్పుల్లో ఇద్దరు చనిపోయారు. పర్యావరణ అప్పీలు అథారిటీ ఆ ప్లాంటు అనుమతిని రద్దు చేసింది కూడా అదే రోజు. వినాల్సిన చెవులు ముందే విని ఉంటే రెండు జానాలు పోయేవి కావు. అది బొగ్గు, ఇది సోలార్ అని తేడా చెప్పొచ్చు. తన నేల గురించి తనను అడగలేదన్న గుస్సాకు మాత్రం రంగు ఉండదు.

విచారణ పెడితే చాలు అని కూడా నేను అనుకోవడం లేదు. బొగ్గు ప్లాంట్లకు, గనులకు జరిగే విచారణల్లో ఎన్ని తమాషాలు జరుగుతాయో మనం చూస్తూనే ఉన్నాం. చట్టంలో కోరం అనే నియమమే లేదు, పదిమంది వచ్చినా విచారణ జరిగినట్టే. రిపోర్టు వందల పేజీల ఇంగ్లిషు, ఊరికి అందేది నాలుగు పేజీల సారాంశం. కాబట్టి సోలార్‌కు అదే ముసుగు తెచ్చి తొడిగితే మనకు ఒరిగేదేమీ లేదు. నేను కోరేది ఇవి.

ఒక హద్దు పెట్టాలి. ఇంటి పైకప్పు మీద ప్యానెల్‌కో, రైతు బోరు దగ్గరి పంపుకో విచారణ అక్కర్లేదు, అవి ఎంత పెరిగితే అంత బరకత్. వందల, వేల ఎకరాల పార్కులకు మాత్రం విచారణ తప్పనిసరి చేయాలి. అది భూమి కరారులు కాకముందే జరగాలి. సర్వే నంబరు లేనివాళ్ల పేర్లు, అంటే కూలీలు, కౌలుదారులు, కాపర్లు, వాళ్ల జాబితా 2013 చట్టం చెప్పిన పద్ధతిలోనే తయారు కావాలి, భూమి లీజు అయినా సరే. ఆడవాళ్లకు వాళ్లకు వీలైన వేళ విడిగా ఒక బైఠక్ ఉండాలి. వేపచెట్టు కింద కూర్చోబెడితే కుదరదు. ప్రతి సవాల్‌కూ రాతపూర్వకంగా జవాబ్ పంచాయతీ గోడ మీద అంటించాలి. ఒప్పుకుంటే ఎలా ఒప్పుకున్నారో, ఒప్పుకోకపోతే ఎందుకు ఒప్పుకోలేదో అందులో ఉండాలి.

ఇవి ప్రభుత్వం చేయాల్సినవి. మన జిమ్మేదారి మాటేమిటి? చట్టం మారేదాకా ఖామోష్‌గా కూర్చోవాలా? అక్కర్లేదు. ఈరోజే చేయగలిగినవి ఉన్నాయి.

మీ ఊరికి పార్కు వస్తోందన్న ఖబర్ వినగానే గ్రామసభలో చర్చకు పెట్టమని పంచాయతీకి దరఖాస్తు ఇవ్వండి. నోటితో చెప్పకండి, కాగజ్ మీద రాసి, రెండో కాపీ మీద ముద్ర వేయించుకోండి. ఆ చాచా సవాల్ గాలిలో కలిసిపోయింది రాత లేకనే. సమాచార హక్కు కింద తహసీల్దార్ ఆఫీసులో ఏయే సర్వే నంబర్లు ఇస్తున్నారో అడగండి, అయిదు రూపాయల పని అది. మస్జిద్ కమిటీ వాళ్లు ఖబ్రస్తాన్, ఈద్గాహ్, దర్గాల కొలతలు, రికార్డులు, ఫోటోలు ఒక ఫైలులో పెట్టుకుని, వక్ఫ్ బోర్డు రిజిస్టరులోని వివరాలతో సరిచూసుకోండి. సర్వే రోజు అక్కడ నిలబడండి, పక్క బస్తీ వాళ్ల శ్మశానాన్ని కూడా చూపించండి.

లీజు కాగజ్ మీద దస్తఖత్ చేసే ముందు చదువుకున్న పిల్లలతో పూర్తిగా చదివించండి. కిరాయి ఎన్నేళ్లకోసారి పెరుగుతుంది, కంపెనీ చేతులు మారితే ఎవరు కడతారు, ఆ లీజు చూపించి వాళ్లు బ్యాంకు అప్పు తెచ్చుకుంటే మన భూమికి ఏమవుతుంది, చివర్లో ప్యానెళ్లు, కాంక్రీటు దిమ్మెలు ఎవరు తీస్తారు, పట్టాదారు ఇంతిఖాల్ అయితే కూతుళ్ల హిస్సా ఎలా చేరుతుంది. ఈ అయిదింటికీ కాగజ్‌లో జవాబ్ లేకపోతే ఆగండి. అన్నిటికన్నా ముఖ్యం, పట్టా ఉన్న భాయి తన పొలంలో పని చేసే కూలీని వదిలేసి ఒంటరిగా మాట్లాడుకోవద్దు. మీ కిరాయి మాట్లాడేటప్పుడే వాళ్ల పని మాట కూడా ఎత్తండి. ప్యానెళ్లు తుడిచే పని ఊరివాళ్లకే అని కరారులో రాయించిన ఊరికీ, రాయించని ఊరికీ తేడా ఉంటుంది.

పార్కు గేటు మూసుకున్నాక మనం ఎంత అరిచినా వినేది గేటు దగ్గరి సెక్యూరిటీ గార్డే, అతనూ మనలాంటి గరీబ్ బిడ్డే. ఈ జుమ్మాకు నమాజ్ అయ్యాక మస్జిద్ సెహన్‌లో పది నిమిషాలు కూర్చుని, మీ మండలంలో ఏ ప్రాజెక్టు ఎక్కడిదాకా వచ్చిందో ఎవరికి తెలుసో అడిగి చూడండి. ఎవరికీ తెలియకపోతే మొదటి దరఖాస్తు రాయాల్సింది అప్పుడే.